మీకు తెలుసా? ఓడెక్కిన చిన్నతాత పద్దులోనే ఉన్నాడు

విశాఖ, శ్రీకాకుళం, గోదావరి జిల్లాల్లో పాత కుటుంబాలవాళ్లు వంశవృక్షం రాయడానికి కూర్చుంటే ఎక్కడో ఒకచోట కలం ఆగుతుంది. ముత్తాతకు ఇద్దరు తమ్ముళ్లు. ఒకరి పిల్లలు, మనవలు లెక్కకు వస్తారు. రెండోవాడి దగ్గర మాత్రం ‘ఓడెక్కిపోయాడు’ అన్న ఒక్క ముక్కే మిగులుతుంది. ఏ ఓడో, ఏ దేశమో చెప్పగలిగినవాళ్లు ఎప్పుడో పోయారు. ఇక దొరకడులే అని వదిలేస్తారు. నిజానికి ఆ తరంలో అందరికంటే ఎక్కువ వివరాలు కాగితం మీద మిగిలింది అతనివే కావచ్చు.

1860 నవంబరు 16న మద్రాసు నుంచి ‘ట్రూరో’ అనే ఓడ డర్బన్ చేరింది. దక్షిణాఫ్రికాలోని నటాల్ చెరకు తోటలకు మన ఒప్పంద కూలీలు దిగడం అదే మొదలు. 1911 దాకా అలా దిగినవాళ్లు 1,52,184 మంది. వాళ్లలో ఎక్కువమంది మద్రాసులో ఓడెక్కినవాళ్లే. లెక్క ఇంత కచ్చితంగా ఎలా ఉందంటే, దిగిన ప్రతి మనిషికీ వరస నంబరు వేశారు, చంకలో పిల్లతో సహా. ఓడల పద్దుల్లో ఒక్కో మనిషికి ఒక్కో వరస: నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఠాణా, ఊరు, ఒంటి మీద గుర్తులు. ఎడమ మోకాలి కింద దెబ్బ మచ్చ, కుడి కనుబొమ మీద గాటు లాంటివి కూడా రాశారు. ప్రేమతో రాసుకున్నవేమీ కావు, కూలీ చేజారిపోకుండా పెట్టుకున్న గుర్తులు. అయినా ఊళ్లోనే ఉండిపోయి, సెంటు భూమి లేకుండా బతికిన అన్న మోకాలి మచ్చ ఎవరు రాసి పెట్టారు?

ఫిజీ వెళ్లినవాళ్ల వలస పాసులైతే ఇంకో మెట్టు పైన. మద్రాసు నుంచి ఫిజీకి ఓడలు 1903లో మొదలై 1916లో ఆగాయి. ఆ పాసు మీద ఎత్తు రాశారు, దగ్గరి బంధువు పేరుకూ ఒక గడి పెట్టారు. అంటే చిన్నతాత కోసం వెతుకుతుంటే మీ ముత్తాత పేరే ఫిజీ రాజధాని సువాలోని ప్రభుత్వ పాతపత్రాల భాండాగారంలో తగలొచ్చు.

మరి ఇన్ని ఉండీ మనిషి ఎందుకు దొరకడు? మనం ఇంటిపేరుతో వెతుకుతాం. పద్దులో ఇంటిపేరుకు గడే లేదు. ఉన్న పేరైనా గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా ఇంగ్లిషులో పడింది. పైగా సింహాచలం చుట్టుపక్కల పుట్టినవాళ్లలో అప్పన్నలు, అప్పలసాములు, అప్పలమ్మలు ఎంతమందో చెప్పాలా! ఒట్టి పేరుతో వెతికితే కుప్పలు తెప్పలుగా వస్తారు. తండ్రి పేరు, ఊరు, ఠాణా కలిపి చూస్తేనే మనవాడు విడిగా కనిపిస్తాడు. అవతలి ఒడ్డున ఇబ్బంది దీనికి తిరగేసి ఉంటుంది. దక్షిణాఫ్రికాలో ముత్తాత సొంత పేరో, నాయుడు, రెడ్డి లాంటి కులబిరుదో మనవల ఇంటిపేరుగా స్థిరపడింది. అసలు ఇంటిపేరు ఏమిటో వాళ్లకు చెప్పగలిగేది ఇక్కడి దాయాదులే.

జిల్లా పేరు దగ్గర ఇంకో చిక్కుంది. చిత్తూరు జిల్లా పుట్టింది 1911లో. అంతకుముందు చిత్తూరు, చంద్రగిరి ఉత్తర ఆర్కాటులో ఉండేవి. పద్దులో ‘నార్త్ ఆర్కాట్’ అని చూసి తాము తమిళులమనుకునే తెలుగు మునిమనవలు ఉండొచ్చు. గుంటూరు 1904లో, శ్రీకాకుళం 1950లో, విజయనగరం 1979లో జిల్లాలయ్యాయి. ఇచ్ఛాపురం, టెక్కలివాళ్ల కోసమైతే గంజాం కింద చూడాలి.

ఒక్క మనిషికి రెండు నంబర్లు కూడా ఉండొచ్చు. ఒప్పందం ముగిశాక నటాల్‌లో స్వేచ్ఛగా ఉండాలంటే ఏటా 3 పౌన్లు పన్ను కట్టాలని 1895లో చట్టం తెచ్చారు. కట్టలేనివాళ్లు మళ్లీ ఒప్పందంలోకన్నా దిగాలి, తిరుగు ఓడన్నా ఎక్కాలి. తిరిగొచ్చి, ఇక్కడ పొసగక మళ్లీ వెళ్లినవాళ్లకు కొత్త నంబరు పడింది. అప్పులవాళ్లకో, ఇంట్లోవాళ్లకో దొరక్కూడదని పేరు మార్చి చెప్పినవాళ్లూ ఉన్నారు. అక్కడ మాత్రం మచ్చలే దిక్కు.

మారిషస్‌లో ఏకంగా ముఖమే దొరకొచ్చు. ఒప్పందం ముగిసిన కూలీ ఫొటో అంటించిన చీటీ దగ్గర పెట్టుకు తిరగాలని 1867లో అక్కడ చట్టం చేశారు. మనిషిని దొంగలా చూసిన చట్టమది. ఆ ఫొటోలు అక్కడి ‘మోకా’ అనే ఊళ్లోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. నటాల్ ఓడ పద్దుల కోసం డర్బన్‌లోని క్వాజులు-నటాల్ విశ్వవిద్యాలయంలో గాంధీ-లుథూలి పత్రకేంద్రాన్ని అడగాలి.

విచిత్రమేమిటంటే అంత దూరం వెళ్లినవాడి జాడ దొరుకుతుంది గాని, పక్కనే బర్మాలోని రంగం (రంగూన్) పోయినవాడిది దొరకదు. బర్మా 1937 దాకా బ్రిటిష్ ఇండియాలో భాగమే. రంగూన్ వెళ్లాలంటే పాసు అక్కర్లేదు, టికెట్టు కొని ఓడ డెక్కు మీద కూర్చుంటే చాలు. కూలీల్ని కూడగట్టే మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి తీసుకెళ్లేవాడు, కూలీ పేరు అతని అప్పుల పుస్తకంలో ఉండేది. ఆ పుస్తకాల్ని దాచిందెవరు? 1942లో జపాను సైన్యం వచ్చిపడ్డప్పుడు లక్షల మంది అడవులు, కొండలు దాటి నడిచొచ్చారు. దారిలో పోయినవాళ్లెందరికో పేరు రాసిన చీటీ కూడా లేదు.

ఏడేళ్లపాటు, కబురు తెలియాల్సినవాళ్లకు కూడా ఒక మనిషి కబురు అందకపోతే, బతికే ఉన్నాడని రుజువు చేసే భారం ఆ మాట అనేవాళ్లదేనని మన సాక్ష్య చట్టం చెబుతుంది. బ్రిటిష్ కాలం నుంచీ వస్తున్న నియమమే, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం 111వ సెక్షన్‌లో ఉంది. అలా కబురు లేనివాడి వాటా తేల్చాల్సింది ఇంటి ఆస్తి దగ్గరే కాబట్టి, రంగం పోయినవాడి కోసం రంగూన్ వైపు కాకుండా ఇంటి భూమి వైపు చూడటం మేలు. అన్నదమ్ముల పాత పంపకాల దస్తావేజులో, లేని తమ్ముడి వాటా ఎవరికి, ఎందుకు పోయిందో ఒక్కోసారి రాసి ఉంటుంది. కాకపోతే ఆ దస్తావేజుల జాడ చెప్పే ఈసీలు (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్లు) ఆన్‌లైన్‌లో 1983 నుంచే వస్తాయి. అంతకు ముందువాటికి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అర్జీ పెట్టి, పాత పుస్తకాలు తీయించుకోవాల్సిందే.