క్యోటో నగరపు గియోను ఉత్సవము

జపాను దేశమున క్యోటో యను ప్రాచీన నగరము కలదు. క్రీ. శ. 794 మొదలు వేయేండ్లకు పైగా అది చక్రవర్తులకు రాజధానియై యుండెను. మూడు దిక్కుల కొండలుండుటచే వేసవిలో అచ్చట ఉక్క దుర్భరము. పూర్వము కామో నదికి వరద వచ్చి తీసిన పిమ్మట నీరు చెడి అంటువ్యాధులు ప్రబలుచుండెడివి. పగ తీరక మరణించినవారి యాత్మలే ఈ తెగుళ్లను పంపుచున్నవని ప్రజలు నమ్మిరి. 869వ సంవత్సరమున మహామారి చెలరేగగా, నాడు దేశమందున్న 66 రాష్ట్రములకును గుర్తుగా 66 ఈటెలను నిలిపి శాంతి జరిపించిరి. జూలై నెల పొడవునను జరుగు గియోను ఉత్సవమునకు ఇదియే మూలమని చెప్పుదురు.

గియోను అను పేరు మనకు పరాయిది కాదు. బుద్ధ భగవానుడు పెక్కు వర్షకాలములు గడపిన శ్రావస్తి నగరపు జేతవనమునకు చీనా లిపిలో నేర్పడిన పేరును జపానీయులు అట్లు పలికిరి. ఆ వనమునకు రక్షకుడని చెప్పబడు వృషభశిరస్కుడగు దేవత క్యోటోలో పూజింపబడెను. 1868లో ప్రభుత్వము షింటో మతమును బౌద్ధమునుండి వేరుచేసినపుడు ఆ యాలయమునకు యసాకా యను పేరు వచ్చినది.

ఆ దేవతను గూర్చి యొక కథ కలదు. ఆయన బాటసారియై వచ్చి ఒక ధనికుని యింట బస యడుగగా అతడు పొమ్మనెను. వాని యన్న సోమిన్ నిరుపేద. ఐనను కొర్రగడ్డి పరచి కూర్చుండబెట్టి, కొర్రన్నము పెట్టెను. సోమిన్ సంతతికి తెగులు సోకదని దేవత వరమిచ్చెను. అందుచేతనే నేటికిని క్యోటో గృహస్థులు, తాము సోమిన్ సంతతివారమని వ్రాసిన చీటిని వెదురాకుల కట్టకు కట్టి గుమ్మముపై వ్రేలాడదీయుదురు. దానికి చిమాకి యని పేరు. ఆ పేరుగల తినుబండారము వేరొకటి కలదు గాని, దీనిని విప్పి చూచినచో తినుటకేమియు నుండదు!

జూలై 17వ తేదీ యుదయమున షిజో వీథిలో నిలుచున్నవానికి ముందుగా వినవచ్చునది కంచు తాళముల మ్రోత. పిమ్మట ఇండ్ల కప్పులమీదుగా కదలుచు వచ్చు ఈటెమొన కనబడును. పెద్ద రథములు సుమారు 25 మీటర్ల యెత్తు, 12 టన్నుల బరువు కలవి. మ్రాకులను మేకులతో గాక గడ్డిత్రాళ్లతో బిగింతురు. కావుననే త్రోవలో రథము కొంచెము వంగి ఊగునే కాని విరుగదు. మొదటి రథముపై నున్న బాలుడు కత్తితో పవిత్రరజ్జువును తెగవేయగా ఊరేగింపునకు దారి తెరచుకొనును.

మూల తిరుగుట చూడదగినది. చక్రములు ప్రక్కకు తిరుగవు. తడిపిన వెదురుబద్దలను వాని క్రింద పరచి, పైనున్నవారు విసనకర్రలు విసరి కేక వేయగానే పదుల కొలది జనులు ఒక్క పెట్టున ప్రక్కకు లాగుదురు. రథము కొంత జారి నిలుచును. మరల బద్దలు, మరల నీరు, మరల కేక!

రథములకు కట్టిన వస్త్రములలో ఇలియడ్ కావ్యఘట్టములను నేసిన బెల్జియము తెరలున్నవి. సముద్రములు దాటి వచ్చిన తివాచీలలో కొన్ని మన దక్కనులో నేసినవని పరిశోధకులు నిర్ణయించిరి. వానిని నేసినవారి పేర్లు ఎవరికిని తెలియవు.

ఇంత యలంకరించిన రథములను ఊరేగింపు ముగిసిన వెంటనే విప్పివేయుదురు. వీథులలోని తెగులు రథములను ఆశ్రయించునని నమ్మిక. నాటి సాయంకాలమే దేవతల పల్లకీలు బయలుదేరును. అంతకు ముందే దారి శుభ్రము కావలెను.

ఈ రథములు రాజులవి కావు, ఆయా వీథుల పౌరులవి. 1467లో ఆరంభమైన యుద్ధమున నగరము కాలిపోగా ఆగిన ఊరేగింపును వారు 1500లో మరల నడపిరి. 1533లో అధికారులు ఆలయోత్సవమును నిలిపివేయగా, దేవకార్యము లేకున్నను రథములను మాత్రము నడపనిండని కోరిరి.

తెగులును పారద్రోలుటకు పుట్టిన ఈ యూరేగింపును 2020, 2021 సంవత్సరములలో కోవిడ్ తెగులే ఆపివేసినది. ఐనను 2021లో కొన్ని వీథులవారు రథములను కట్టి నిలిపిరి. ముడులు పుస్తకము చూచి నేర్చునవి కావు; చేతులు మరచినచో మరల దొరకవని వారి భయము. 2022లో ఊరేగింపు మరల సాగినది. 1826లో గాలివానకు దెబ్బతిని నిలిచిపోయిన తకయామ యను రథము, 196 ఏండ్ల పిమ్మట, ఆ సంవత్సరమే జూలై 24వ తేదీన వీథిలోనికి వచ్చెను.