దుకాణం మీది, తాళంచెవి ఎవరిది?

వ్యాపారానికి వెబ్‌సైటు పెట్టించాలనుకునేవారు డిజైనరును మొదట ధర అడుగుతారు; తరువాత రంగులూ, బొమ్మలూ. నేను మాత్రం ముందుగా ఒక్క ప్రశ్న వేయమంటాను: "డొమైన్ పేరు ఎవరి పేర నమోదు చేయిస్తారండీ?"

డొమైన్ పేరంటే ఇంటర్నెట్టులో మన దుకాణం చిరునామా. అది శాశ్వతంగా కొనుక్కునేది కాదు, గడువుకు తీసుకునేది. డాట్ ఇన్ పేరయితే ఒక్కసారిగా 10 ఏళ్ళకు మించి దొరకదు. గడువుకు రుసుము కట్టకపోతే పేరు పరులపాలు కావచ్చు. ఆ ఖాతాయే తాళంచెవి అన్నమాట.

మా బాబాయిగారబ్బాయి రాజమండ్రిలో ఆత్రేయపురం పూతరేకులు అమ్ముతాడు. 2023లో ఆ పూతరేకులకు భౌగోళిక గుర్తింపు రాగానే ఉత్సాహంగా వెబ్‌సైటు పెట్టించాడు. డిజైనరు పని చక్కగానే చేశాడు గాని, పేరు తన ఖాతాలో రాయించుకున్నాడు. మరుసటేడు ఆయన వూరు మారాడు, ఫోను పలకలేదు, గడువు తీరింది. పెట్టెలమీద అచ్చువేయించిన చిరునామా ఎందుకూ కొరగాకుండా పోయింది.

కనుక డిజైనరును సంబంధం చూసినట్లే చూడండి. లోగడ చేసిన సైట్లను ఫోనులో తెరిచి చూడండి. కొనేవారిలో చాలామంది చూసేదీ ఫోనులోనే. ఆ దుకాణదార్లను విచారించండి: పని అయ్యాక పిలిస్తే పలికాడా? ధరలు మార్చుకోవడం నేర్పాడా? డొమైనూ, సైటు వుండే హోస్టింగూ మీ పేర, మీ ఈమెయిలుతోనే తీసుకోండి. అంతా కాగితంమీద పెట్టించండి.

నిజాయితీపరుడు ఇందుకు నొచ్చుకోడు. నొచ్చుకున్నాడా, బేరం అక్కడితో సరి!