మాట అంకెలుగా మారితే...

పిల్లలూ! 1990ల్లో మా కల్వకుర్తి బస్టాండు దగ్గర ఎస్.టి.డి. బూతు ముందు రాత్రిపూట జనం వరసగా నిలబడేవారు. పొద్దుపోయాక రేటు తగ్గేది మరి! బొంబాయికి పనికి పోయిన కొడుకుతో తల్లి మాట్లాడేది. మాట్లాడేది నోరే అయినా, కళ్లు మాత్రం ఎర్రంకెలు దొర్లే మీటరు మీదే ఉండేవి.

ఈనాడు అదే మాట కంప్యూటరు గుండా, ఇంటర్నెట్ ఖర్చు తప్ప వేరే బిల్లు లేకుండా ఎంతో దూరం పోతున్నది. ఇదెలా సాధ్యమైంది?

పాత ఫోనులో మన గొంతు కంపనాలు విద్యుత్ ప్రవాహంలో హెచ్చుతగ్గులుగా మారి తీగ వెంట పోయేవి. కంప్యూటరుకు తెలిసినవి అంకెలే. కాబట్టి ముందుగా మాటను అంకెలుగా మార్చాలి. అందుకు మైకు నుంచి వచ్చే విద్యుత్ హెచ్చుతగ్గులను సెకనుకు 8,000 సార్లు కొలుస్తారు. ఒక్కొక్క కొలతను 8 బిట్లలో, అంటే ఎనిమిది సున్నాలు, ఒకట్ల వరసగా రాస్తారు. లెక్క కట్టండి: 8,000 × 8 = 64,000. ఒక్క సెకను మాటకు 64,000 బిట్లు! ఈ పద్ధతికి 1972లోనే అంతర్జాతీయ ప్రమాణం ఏర్పడింది.

ఇక ఈ అంకెలను పంపడం ఎలా? సాధారణంగా సెకనులో యాభయ్యో వంతు మాటను ఒక పొట్లంగా కడతారు. దీన్నే ప్యాకెట్ అంటారు. ప్రతి పొట్లం మీద చేరవలసిన చిరునామా, వరస సంఖ్య ఉంటాయి.

ఒక పుస్తకాన్ని పేజీలుగా విడదీసి, కొన్నింటిని ఆమనగల్లు బస్సులో, కొన్నింటిని జడ్చర్ల బస్సులో హైదరాబాదుకు పంపామనుకోండి. వెనకా ముందుగా చేరినా, పేజీ సంఖ్యలు చూసి మళ్లీ పుస్తకం కట్టవచ్చు. పొట్లాల సంగతీ అంతే. అవతలి కంప్యూటరు వాటిని వరసలో పేర్చి, అంకెలను తిరిగి ధ్వనిగా మారుస్తుంది.

మరి మనకు ఫోను వస్తే కంప్యూటరు ఎలా మోగుతుంది? అది "నేనిక్కడ ఉన్నాను" అని సర్వర్ అనే పెద్ద కంప్యూటరుకు మధ్యమధ్య కబురు పెడుతూ ఉంటుంది. ఎవరైనా మన నంబరు నొక్కితే సర్వర్ ఆ చిరునామా చూసి మనకు కబురందిస్తుంది. అప్పుడు గంట మోగుతుంది. అవతలిది మామూలు ఫోను అయితే, గేట్‌వే అనే యంత్రం రెండు వ్యవస్థల నడుమ దుబాసీలా పనిచేస్తుంది.

ఇలా కంప్యూటరు నుంచి విదేశాల్లోని ఫోన్లకు మాట్లాడేందుకు మన దేశంలో 2002 ఏప్రిల్ 1 నుంచి అనుమతి లభించింది. దేశంలోని మామూలు ఫోన్లకు మాట్లాడే వీలు 2018లో వచ్చింది. ఇప్పుడు ఫైబర్ కనెక్షన్ ఉన్న ఇళ్లలో ఫోను తీగను మోడెం వెనక గుచ్చుతారు. ఆ మోడెం కూడా ఒక చిన్న కంప్యూటరే!

అయితే ఒక మాట గుర్తుంచుకోండి. పాత ఫోనుకు కరెంటు ఎక్స్ఛేంజిలోని 48 వోల్టుల బ్యాటరీల నుంచి తీగ వెంటే వచ్చేది. ఇంట్లో దీపం ఆరినా ఫోను మోగేది. మోడెంకు ఆ వసతి లేదు. గాలివానకు కరెంటు పోయిన రాత్రి అవ్వకు ఆయాసం వస్తే, ఆ ఫోను పలకదు. అందుకే మోడెంకు చిన్న బ్యాటరీ ఉండాలి, లేదా ఇంట్లో ఛార్జి ఉన్న సెల్‌ఫోను ఉండాలి.

మరొకటి. పాత తీగ ఏ ఇంటిదో ఎక్స్ఛేంజికి తెలుసు. కంప్యూటరు ఫోను నంబరు ఏ ఊళ్లోనైనా మోగగలదు. కాబట్టి 108కో, 112కో ఫోను చేస్తే మొట్టమొదట మీ ఊరు, వాడ, ఇంటి గుర్తు చెప్పండి. ఆ తర్వాతే మిగతా విషయం!

మీరే చేసి చూడండి: ఒక పెద్ద వాక్యంలోని మాటలను పది చీటీలమీద రాసి, సంఖ్యలు వేసి కలిపేయండి. ఒక చీటీ దాచి, మిగిలినవి స్నేహితుడికి ఇవ్వండి. వాక్యం అర్థమైందా? మూడు చీటీలు దాస్తే? ఫోనులో మాట ఒక్కోసారి ఎందుకు తెగిపోతుందో మీకే తెలుస్తుంది.