తప్పు తుపాకీదా, వేలిదా?

మెదకులో మా ఇంటి వసారా పొడవు 10 మీటర్లు దాటుతుంది. హైదరాబాదు వాసి గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్సులో కంచు పతకం కొట్టింది సరిగ్గా ఆ 10 మీటర్ల దూరం పోటీలోనే! మా అబ్బాయి అక్కడే ఎయిర్ రైఫిలు గురి నేర్చుకుంటున్నాడు. లక్ష్యం వెనుక పెల్లెట్లను పట్టే ఇనపపెట్టె, పక్క తలుపుకు గడియ – ఇవి మా ఇల్లాలి షరతులు.

ఓ నెలలో వాడి స్కోరు పడిపోయింది. "తుపాకీ నీరసించింది నాన్నా, కొత్తది కొనాలి" అన్నాడు. నా గుండె గతుక్కుమంది.

నిజం తేల్చేది క్రోనోగ్రాఫు. పెల్లెట్ రెండు కాంతి కళ్ళను దాటే కాలాన్ని బట్టి అది వేగం చెబుతుంది. కళ్ళ మధ్య దూరం 30 సెంటీమీటర్లు, వేగం సెకనుకు 150 మీటర్లు అయితే, పట్టేది సెకనులో 500వ వంతే!

అరువు తెచ్చిన యంత్రం ఒకసారి 140 అంది, మరోసారి 260 అంది. పాపం, అది ఆరుబయట వెలుగుకు అలవాటుపడినది. చోకు ట్యూబులైటు సెకనుకు 100 సార్లు మినుకుతుంది. ఆ మినుకులతో దాని కళ్ళు మోసపోతాయి. కనుక ఇంట్లో వాడకానికి సొంత ఇన్‌ఫ్రారెడ్ దీపాలున్నదే కొనాలి. పెల్లెట్ దూరే దారి విశాలంగా వుంటే, గురి తప్పినా యంత్రానికి దెబ్బ తగలదు. గొట్టానికి బిగించే రకమైతే కొలత కాగానే విప్పెయ్యాలి. దాని బరువు గురిని చెడగొడుతుంది.

అలాంటి దీపాలున్నది తెచ్చి, పదిసార్లు పేల్చాం. చూడవలసింది అంకె పెద్దరికం కాదు, నిలకడ. కనిష్ఠం 149, గరిష్ఠం 152. తుపాకీ నిర్దోషి!

"అయితే తప్పు నా వేలిదే" అన్నాడు వాడు, తల వంచుకుని. స్కోరింకా పూర్తిగా కోలుకోలేదు. కొత్త తుపాకీ మాట మాత్రం మళ్ళీ ఎత్తలేదు.