దివ్యమందిరమా, వార్మ్‌హోలా?

అమెరికా టెలివిజన్‌లో 1993 నుంచి 1999 దాకా ప్రసారమైన 'స్టార్ ట్రెక్: డీప్ స్పేస్ నైన్' ధారావాహికలో బజోర్ అనే గ్రహం ఉంది. పరాయి పాలనలో దాదాపు యాభై ఏళ్లు నలిగిన ఆ గ్రహవాసులను నిలబెట్టింది 'ప్రవక్తల' మీద ఉన్న నమ్మకమే. ఆ ప్రవక్తలు ఉండే దివ్యమందిరాన్ని కనుగొనే దూత ఒకడు వస్తాడని వారు ఎదురుచూస్తుంటారు. వారి మతగురువుల్లో ఒక హోదాకు 'వేదిక్' అని పేరు.

మొదటి కథలోనే అంతరిక్ష కేంద్రం అధిపతి బెంజమిన్ సిస్కో ఒక వార్మ్‌హోల్‌ను కనుగొంటాడు. అందులోని జీవులకు నిన్న, నేడు, రేపు అనే వరుస తెలియదు. బజోర్ ప్రజలకు అదే దివ్యమందిరం, సిస్కోయే దూత. సిస్కోకు మాత్రం అది దూరాలను కలిపే సొరంగం, అందులో ఉన్నది గ్రహాంతర జీవులు.

వార్మ్‌హోల్ రచయితల ఊహ మాత్రమే కాదు. 1935లో ఐన్‌స్టీన్, నాథన్ రోజెన్ సాపేక్ష సిద్ధాంత సమీకరణాల్లో ఇలాంటి వంతెనను చూశారు. 1957లో జాన్ వీలర్ దానికి ఈ పేరు వాడారు. 1962లో రాబర్ట్ ఫుల్లర్‌తో కలిసి ఆయన లెక్కగడితే, అలాంటి వంతెన కాంతి దాటేలోపే మూసుకుపోతుందని తేలింది. దాన్ని తెరిచి ఉంచాలంటే రుణ శక్తి ఉన్న విచిత్ర పదార్థం కావాలని 1988లో మైకేల్ మోరిస్, కిప్ థోర్న్ చూపించారు.

అసలు చిక్కు బడిలో వచ్చింది. మొదటి సీజన్ చివరి కథలో కీకో అనే టీచర్ పిల్లలకు వార్మ్‌హోల్ గురించి చెబుతుంటే, విన్ అనే వేదిక్ అది దైవదూషణ అంటుంది. అసలు ఆ పాఠమే వదిలేస్తే గొడవ ఉండదని రాజీ సూచిస్తుంది. మరి పరిణామ సిద్ధాంతం, విశ్వం పుట్టుక పాఠాలు వచ్చినప్పుడు ఏం చేయాలని కీకో అడుగుతుంది. పాఠం మానడానికి ఒప్పుకోదు. తర్వాత ఆ బడిలో బాంబు పేలుతుంది.

అదే కథలో సిస్కో కొడుకు జేక్, గెలీలియో విచారణను గుర్తుచేసి, ఈ నమ్మకాలన్నీ తెలివితక్కువవని కొట్టిపారేస్తాడు. తండ్రి ఒప్పుకోడు. కష్టకాలంలో వాళ్లను బతికించింది ఆ విశ్వాసమేనని వివరిస్తాడు. అయినా బడిలో సైన్స్ పాఠాన్ని ఆపడు. విశ్వాసాన్ని గౌరవించడానికి పాఠాన్ని దాచనవసరం లేదన్నది ఆ కథ తేల్చే మాట.

తర్వాతి సీజన్లలో సిస్కో దూత పాత్రను స్వీకరిస్తాడు. 1999 నాటి ముగింపులో ప్రవక్తల మధ్యకే చేరతాడు. ఆ లోకంలో నమ్మినవారికి రుజువు కళ్లెదుటే ఉంది.

మన లోకంలో వార్మ్‌హోల్‌ను ఇంతవరకు ఎవరూ చూడలేదు. సమీకరణాలు దానికి చోటిస్తున్నాయి, పరిశీలనలో మాత్రం ఆధారం దొరకలేదు. సైన్స్ పాఠంలో ఈ రెండు మాటలూ ఉండాలి. ఏది తెలుసో, ఏది ఇంకా తెలియదో విడదీసి చెప్పినప్పుడే పిల్లలు ప్రశ్న అడగడం నేర్చుకుంటారు.