దెబ్బ కనిపించింది, భూమి కనిపించలేదు
ఉనా వీడియో, దళిత ఉద్యమం, ఆర్థిక చర్చ

2016 జూలై 11న గుజరాత్‌లోని గిర్ సోమనాథ్ జిల్లా, ఉనా తాలూకా, మోటా సమఢియాలా గ్రామంలో ఒక దళిత కుటుంబం చచ్చిన ఆవు తోలు తీస్తోంది. అది తరతరాలుగా వాళ్ల కులానికి ఊరు అంటగట్టిన పని. గోరక్షకులమని చెప్పుకునే గుంపొకటి వచ్చి, ఆవును మీరే చంపారంటూ వాళ్లమీద పడింది. నలుగురు యువకుల చొక్కాలు విప్పించి, కారుకు కట్టి, ఉనా పట్టణానికి తీసుకుపోయి పట్టపగలు నడిబజారులో కర్రలతో, పైపులతో కొట్టింది. ఆ ఆవును చంపింది సింహమని తర్వాత దర్యాప్తులో తేలింది.

ఈ దృశ్యాన్ని దేశమంతా చూసింది. కానీ దాన్ని వీడియో తీసిందెవరు? విలేఖరులు కాదు, దళితులు కాదు. కొట్టినవాళ్లే తీశారు. వాళ్లే సెల్‌ఫోన్లలో తిప్పారు. వాళ్లకు సాక్ష్యం గురించి భయం లేదు. ఎనకట ఊరి నడిమధ్య స్తంభానికి కట్టేసి కొట్టేవాళ్లు. ఒకడికి తగిలిన దెబ్బ వాడంతా చూసి భయపడాలని. ఇప్పుడు సెల్‌ఫోను ఆ స్తంభం పని చేసింది. తేడా ఏమిటంటే, స్తంభం ఊరు దాటి పోలేదు. వీడియో దాటింది. భయపెట్టడానికి వదిలిన వీడియో కోపం పుట్టించింది.

వీడియోల వల్ల దళితులపై దాడులు ఇప్పుడు బయటికి వస్తున్నాయని చాలామంది అంటున్నారు. అది నిజమే. ఐతే బయటికి వచ్చేది ఎంత, లోపలే ఉండిపోయేది ఎంత అనేది మన ప్రశ్న. ఉనా ఉదాహరణగా తీసుకుని దీన్ని వివరించాలనుకుంటున్నాం.

కళేబరాలు కలెక్టరాఫీసుకొచ్చాయి

వీడియో బయటికొచ్చిన వారం రోజులకు, జూలై 18న, సురేంద్రనగర్‌లో దళితులు చచ్చిన గొడ్లను బండ్లకెత్తుకొచ్చి కలెక్టరాఫీసు దగ్గర పడేశారు. మీ తల్లి కదా, అంత్యక్రియలు మీరే చేసుకోండి అన్నారు. జూలై 31న అహ్మదాబాదులో పెద్ద సభ జరిగింది. ఇకమీదట కళేబరాలు ఎత్తబోమని, మురుగు గుంతల్లో దిగబోమని అక్కడ ప్రతిజ్ఞ చేశారు.

పత్రికలు, టీవీలు దీన్ని 'వినూత్న నిరసన' అన్నాయి. మేము దీన్ని సమ్మె అంటున్నాం. ఫ్యాక్టరీలో కార్మికుడు మిషను ఆపితే అది సమ్మె. మరి ఊరు కూలి లేకుండానో, కూలి కాని కూలికో చేయించుకునే పనిని దళితుడు ఆపేస్తే అది సమ్మె ఎందుక్కాదు? కళేబరం ఎత్తకపోతే మూడో రోజుకు ఊరు కంపు కొడుతుంది. అప్పుడుగాని ఆ పని విలువెంతో ఊరికి తెలీదు. గుజరాత్‌లో అదే జరిగింది. కొన్నిచోట్ల గొడ్లు కుళ్లిపోతుంటే పూడ్పించడానికి అధికారులు నానా తంటాలు పడ్డారు.

ఇది కొత్త ఎత్తుగడ కూడా కాదు. 1927లో మహద్‌లో చవదార్ చెరువు నీళ్లు తాగిన సందర్భంలోనే, చచ్చిన గొడ్డు మాంసం మానేయమని బాబాసాహెబ్ అంబేద్కర్ పిలుపునిచ్చాడు. మహర్లను ఊరి చాకిరీకి కట్టేసిన వతన్ పద్ధతిని మార్చడానికి 1928లో బొంబాయి శాసనమండలిలో బిల్లు పెట్టాడు. ఆత్మగౌరవం, కూలి ఆయన దృష్టిలో రెండు వేర్వేరు ఉద్యమాలు కావు.

చచ్చిన గొడ్డు చుట్టూ ఉన్న లెక్క

తెలుగు పాఠకులకు ఈ లెక్క అర్థం కావడం కష్టమేమీ కాదు. మన ఊళ్లలో గొడ్డు చస్తే కబురు మాదిగ వాడకే వచ్చేది. ఆ తోలుతోనే చెప్పులు, మోట బొక్కెనలు, డప్పులు తయారయ్యేవి. మోట తిరిగితే రైతు పొలం పండేది. పండిన దాంట్లో కళ్లం దగ్గర మాదిగకు దక్కేది మేర కింద కాసిని గింజలు. మోటారు పంపులొచ్చాక మోట పోయింది. ఫ్యాక్టరీ చెప్పులొచ్చాక ఆ గిరాకీ పోయింది. పనికి విలువ పోయింది కానీ, పని చేసేవాడిమీద మైల ముద్ర మాత్రం పోలేదు. భూమి చేతికి రాలేదు.

గుజరాత్‌లోనూ కథ ఇంతే. తోలు, ఎముకలు అమ్ముకోగా వచ్చేదే ఆ కుటుంబాలకు ఆదాయం. 2011లో అక్కడ గోసంరక్షణ చట్టాన్ని కఠినం చేశారు. 2017లో యావజ్జీవ శిక్ష దాకా పెంచారు. చట్టం నిషేధించింది వధను. కానీ తోలు చూసినవాడు అది చంపిన గొడ్డుదా, చచ్చిన గొడ్డుదా అని అడగడు. దాంతో ఊరు చెప్పిన పని చేసేవాడే దారిలో నేరస్తుడయ్యాడు.

ఇక్కడొక విషయం గమనించాలి. 2016 సెప్టెంబరులో గుజరాత్‌లోనే బనాస్‌కాంఠా జిల్లా కర్జా గ్రామంలో, చచ్చిన ఆవును ఎత్తేది లేదన్నందుకు ఒక దళిత కుటుంబాన్ని కొట్టారు. వాళ్లలో ఒక గర్భిణి కూడా ఉంది. ఉనాలో తోలు తీసినందుకు కొట్టారు, కర్జాలో తీయనన్నందుకు కొట్టారు. రెండు ఘటనలూ పక్కపక్కన పెట్టి చూస్తే, గొడవ ఆవు మీద భక్తి గురించి కాదని తేలిపోతుంది. పని ఎప్పుడు చేయాలో, ఎప్పుడు మానాలో చెప్పే అధికారం ఎవరిదన్నదే గొడవ. ఇదీ అసలు ఆర్థిక ప్రశ్న. ఒక్క ఉనా వీడియోనే వందసార్లు చూసినా ఈ సంగతి కనిపించదు.

'ఆవు తోక మీరే ఉంచుకోండి'

2016 ఆగస్టు 5న అహ్మదాబాదులో బయలుదేరిన పాదయాత్ర ఆగస్టు 15కు ఉనా చేరింది. దీనికి ముందు నిలబడింది జిగ్నేష్ మేవానీ కన్వీనరుగా ఉన్న పోరాట సమితి. రోహిత్ వేముల తల్లి రాధిక తెలుగు నేల నుంచి వెళ్లి ఆ సభలో పాల్గొన్నారు. ఆ యాత్రలో మార్మోగిన నినాదం: ఆవు తోక మీరే ఉంచుకోండి, మా భూమి మాకివ్వండి. ప్రతి భూమిలేని దళిత కుటుంబానికి 5 ఎకరాలు ఇవ్వాలని డిమాండు చేశారు.

కొట్టినవాళ్లను శిక్షించాలని అడగడం ఒక మెట్టు. కొట్టించుకునే స్థితిలో మమ్మల్ని పెట్టిందేమిటని అడగడం ఇంకో మెట్టు. ఉనా యాత్ర రెండో మెట్టెక్కింది. గుజరాత్‌లో 1960 నాటి సీలింగ్ చట్టం కింద మిగులు భూమిని దళితులకు పంచినట్టు రికార్డులున్నాయి. చాలాచోట్ల కాగితం దళితుడి దగ్గర, పొలం పెద్దకులం రైతు దగ్గర ఉన్నాయి. మన దగ్గర కూడా ఇదే తంతు కదా. అసైన్డ్ భూముల బదలాయింపును నిషేధిస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1977లో చట్టం తేవాల్సివచ్చిందంటేనే, పట్టా పుచ్చుకున్నవాడి చేతిలో భూమి నిలవలేదని అర్థం.

టీవీ చర్చలో ఏం మిగిలింది

ఉనా తర్వాత టీవీల్లో గంటల కొద్దీ చర్చలు నడిచాయి. మేము గమనించినంతలో వాటిల్లో ఎక్కువ భాగం మూడు ప్రశ్నల చుట్టూ తిరిగాయి. గోరక్షకులు మంచివాళ్లా, చెడ్డవాళ్లా? ప్రధాని ఎందుకు మాట్లాడలేదు? దళితుల ఓట్లు ఎటు పోతాయి? ఆగస్టు 7న హైదరాబాదు సభలో ప్రధాని, దాడి చేయాలంటే నామీద చేయండి, దళిత సోదరుల మీద కాదు అనే అర్థంలో మాట్లాడారు. చర్చ ఆ మాట చుట్టూ తిరిగింది. 5 ఎకరాల మాట పక్కకు పోయింది.

అదే టీవీల్లో ఆర్థిక చర్చ వేరే గంటలో జరుగుతుంది. అక్కడ వృద్ధి రేటు, పెట్టుబడులు, 'గుజరాత్ నమూనా' గురించి మాట్లాడతారు. అక్కడ కూర్చునేవాళ్లు నిపుణులు. దళితుణ్ణి మాత్రం దాడి జరిగిన రోజునే పిలుస్తారు. అతను ఏడవాలి లేదా అరవాలి. ధరల గురించో, భూమి పన్ను గురించో, తోళ్ల వ్యాపారం గురించో అతణ్ణి ఎవరూ అడగరు. నిరసన దళితుడిది, ఆర్థిక శాస్త్రం అగ్రకులాలది అన్నట్టుగా ఈ పంపకం సాగుతోంది. సామాజిక, ఆర్థిక జీవితంలో అసమానతను ఇట్లాగే ఉంచితే రాజకీయ ప్రజాస్వామ్యమే కూలిపోతుందని అంబేద్కర్ 1949 నవంబరు 25న రాజ్యాంగసభలో హెచ్చరించాడు. ఆ రెండింటినీ విడదీసి చూపించడమే ఈనాటి చర్చల పద్ధతి.

దీనికి కారణం యాంకర్ల చెడ్డతనం ఒక్కటే కాదు. 1996లో బి.ఎన్. ఉనియాల్ అనే పాత్రికేయుడు ఢిల్లీలో ఒక్క దళిత పాత్రికేయుడి కోసం వెతికాడు, దొరకలేదు. 2019లో ఆక్స్‌ఫామ్ ఇండియా, న్యూస్‌లాండ్రీ కలిసి చేసిన అధ్యయనంలో మీడియా సంస్థల 121 నాయకత్వ స్థానాలు పరిశీలిస్తే, 106 అగ్రకులాల చేతిలో ఉన్నాయి. ఎస్సీ, ఎస్టీలు ఒక్కరూ లేరు. ఏది వార్తో, ఏది నేపథ్యమో తేల్చే కుర్చీలివి. కళేబరం ఎత్తిన చేతులు గానీ, కూలి కోసం కళ్లం దగ్గర నిలబడిన కాళ్లు గానీ ఆ కుర్చీల దాకా పోలేదు.

నిప్పురవ్వ, ఎండుగడ్డి

వీడియోలు రాకముందూ ఇదే వరస. 1968లో తమిళనాడు కీళ్వెణ్మణిలో 44 మందిని తగలబెడితే, దాని వెనకున్నది కూలి గింజల గొడవ. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగుర్ని చంపితే, చెరువు దగ్గర బర్రెల గొడవ అన్నారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమందిని నరికితే, సినిమా హాల్లో కాలు తగిలిన గొడవ అన్నారు. రవ్వ గురించే రాశారు గానీ ఎండుగడ్డి గురించి రాయలేదు. చదువుకున్న దళిత యువకులు తలెత్తడం, కూలి గట్టిగా అడగడం, వంగి నడవకపోవడం, ఇవీ ఆ ఎండుగడ్డి.

వీడియో లేని ఘటనలు ఇంకా తొందరగా మరుగున పడతాయి. ప్రధాని హైదరాబాదులో మాట్లాడిన మర్నాడే, 2016 ఆగస్టు 8న, అమలాపురం దగ్గర కరెంటు షాకుతో చచ్చిన ఆవు తోలు తీస్తున్న ఇద్దరు దళిత అన్నదమ్ముల్ని గోరక్షకులు కట్టేసి కొట్టారు. ఉనా పేరు తెలిసిన మన విద్యార్థుల్లో అమలాపురం సంగతి తెలిసినవాళ్లెందరు? ఉనాలోనే చూడండి. ఆగస్టు 15 సభ ముగించుకుని వెళ్తున్న దళితులపై సామ్‌తేర్ గ్రామం దగ్గర దాడి జరిగింది. యాత్రను చూపించిన కెమెరాలు వాళ్లతో పాటు ఇళ్లదాకా పోలేదు.

వీడియో మన పక్షాన సాక్ష్యం చెప్పిన సందర్భాలూ ఉన్నాయి. అట్రాసిటీ చట్టాన్ని నీరుగార్చిన 2018 మార్చి 20 నాటి సుప్రీంకోర్టు తీర్పుపై ఏప్రిల్ 2న భారత్ బంద్ జరిగింది. 'దళితుల హింస' అని వార్తలొచ్చాయి. గ్వాలియర్ వీడియోలో తుపాకీ పేల్చింది దళితుడు కాదని తర్వాత బయటపడింది. ఆ ఏడాది ఆగస్టులో పార్లమెంటు చట్టాన్ని సవరించి పాత రక్షణలు నిలబెట్టింది. కాబట్టి వీడియో వద్దని మేమనడం లేదు. దాన్ని ఎట్లా చూడాలి, మనం ఎట్లా తీయాలి అన్నదే మాట్లాడుతున్నాం.

మనం ఏం చేయాలి

ఏ వీడియో చూసినా ఈ ప్రశ్నలు వేసుకుందాం. కెమెరా ఎవరి చేతిలో ఉంది? దెబ్బ పడకముందు బాధితులు ఏ పనిలో ఉన్నారు, ఆ పనికి ఎవరేమిస్తున్నారు? ఆ ఊళ్లో భూమి ఎవరిది, కాగితం ఎవరిది, సాగు ఎవరిది? ఉద్యమం ఏం అడిగింది, ఏడాది తర్వాత దానిగతి ఏమైంది? క్లాసురూములోనైనా, స్టడీ సర్కిల్లోనైనా ఈ ప్రశ్నలకు జవాబులు రాయించకుండా వీడియో వేయడం వల్ల కన్నీళ్లు వస్తాయే తప్ప అవగాహన రాదు.

తీసేటప్పుడు కూడా అంతే. దెబ్బ పడిన రోజుతో ఆగకూడదు. పట్టా పట్టుకుని కలెక్టరాఫీసు మెట్లెక్కే ముసలాయన్ని తీయాలి. కూలి ఎంతో చెప్పే అమ్మని తీయాలి. హైదరాబాదులో మొదలైన 'దళిత్ కెమెరా' మన మనుషుల్ని కూర్చోబెట్టి పూర్తిగా మాట్లాడనిచ్చింది. ఆ దారి మంచిది. గుజరాత్‌లోనే నవసర్జన్ సంస్థ 1,589 గ్రామాల్లో అంటరానితనాన్ని లెక్కగట్టి 2010లో నివేదిక తెచ్చింది. అట్లాంటి లెక్క పక్కన ఉంటేనే వీడియోకు బలం. ఇంకో మాట. అర్ధనగ్నంగా కొట్టించుకుంటున్న మన పిల్లల బొమ్మల్ని మనమే మళ్లీమళ్లీ తిప్పితే, కొట్టినవాడి పనే మనం పూర్తి చేసినట్టు. కోర్టుకు, దర్యాప్తుకు ఇవ్వాల్సింది ఇద్దాం. ముఖాలు దాచాల్సిన చోట దాచుదాం.

2018 ఫిబ్రవరిలో గుజరాత్‌లోని పాటణ్ కలెక్టరాఫీసు దగ్గర, భూమి అడిగి అడిగి విసిగిన ఒక దళిత కార్యకర్త ఒంటికి నిప్పంటించుకుని చనిపోయాడు. ఆయన అడిగింది ఇంకొక దళిత కుటుంబానికి రావాల్సిన భూమిని. ఆ ఏప్రిల్‌లో ఉనా బాధిత కుటుంబం వందలాది మందితో కలిసి బౌద్ధం స్వీకరించింది. ఉనా వీడియో నిడివి కొన్ని నిమిషాలే. భూమి కోసం ఎదురుచూపు దశాబ్దాలది. ఆ దశాబ్దాల లెక్క రాసే పనిని మనమే చేయాలి. ప్రతి జిల్లాలో, ప్రతి వాడలో పట్టా ఎవరిది, సాగు ఎవరిది అని అడిగి రాసుకోవడంతో ఆ పని మొదలుపెడదాం.