కనబడని సూత్రము, లేని సూత్రము

గణిత ప్రశ్నపత్రమును కంప్యూటరుపై కూర్చు అధ్యాపకునకు ఒక చిక్కు తరచుగా ఎదురగును. సమాధానముల సూత్రములు తన ప్రతిలో ఉండవలెను. విద్యార్థి ప్రతిలో ఉండరాదు. రెండు ప్రతులను వేరువేరుగా వ్రాసినచో, ఒకదానిలో దిద్దిన తప్పు రెండవదానిలో మిగిలిపోవును. ఉర్దూ, తెలుగు ప్రశ్నపత్రములు రెండును కావలసిన చోట ఈ ప్రమాదము ఇబ్బడి యగును. కావున ఒకే మూలము నుండి రెండు ప్రతులు తీయు ఉపాయమును ఇచ్చట వివరింపదలచితిమి.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయాచార్యుడు డొనాల్డ్ కనూత్, తన గ్రంథపు ప్రూఫులు అందముగా లేకపోవుటచే, 1977లో 'టెక్' అను అక్షరకూర్పు సాధనమును నిర్మింప నారంభించెను. 1980వ దశకమున లెస్లీ లాంపోర్ట్ దానిపై 'లేటెక్'ను రూపొందించెను. వీనిలో రచయిత వ్రాయు మూలము వేరు, వెలువడు పుట వేరు. మూలములోనిది పుటకు చేరకుండ ఆపుటకు ఈ భేదమే ఆధారము.

మరుగుపరచు విధములు ముఖ్యముగా మూడు. మొదటిది విడిచిపెట్టుట. శాతపు గుర్తు తరువాత ఆ వరుసలో నున్నదానిని యంత్రము పట్టించుకొనదు. 'కామెంట్' అను ఆవరణములో నుంచిన భాగమంతయు పుటకు చేరదు. ఆరంభమున ఒక షరతు నుంచి, దానిని మార్చినంతనే అధ్యాపకుని ప్రతి విద్యార్థి ప్రతి యగునట్లును చేయవచ్చును. అయితే సంఖ్య గల సూత్రమును విడిచినచో తరువాతి సంఖ్యలు మారును. దానిని ప్రస్తావించిన చోట రెండు ప్రశ్నార్థకములు అచ్చుపడును.

రెండవది 'ఫాంటమ్' ఆదేశము. ఇది సూత్రము యొక్క వెడల్పును, ఎత్తును కొలిచి అంత ఖాళీని మాత్రమే విడుచును. ఖాళీలు పూరింపు ప్రశ్నలకు ఇది మిక్కిలి తగినది.

మూడవది సూత్రమును తెల్లని రంగుతో కూర్చుట. చూపునకు ఇదియు ఫాంటమ్ వలెనే యుండును. కాని పి.డి.ఎఫ్. పత్రములో ఆ చోటును ఎంచుకొని కాపీ చేసినచో దాగిన అక్షరములు బయటపడును. 2019 జనవరిలో అమెరికాలో పాల్ మనాఫోర్ట్ న్యాయవాదులు కోర్టుకు సమర్పించిన పత్రములో నల్లని పట్టీల క్రింది మాటలు ఈ విధముగనే లోకమునకు తెలిసినవి.

మొదటి రెండు విధములలోను మూలము భద్రముగా నుండవలెను. 'ఆర్‌కైవ్' అను పరిశోధనపత్రముల భాండాగారము రచయితల మూలములను గూడ అందించును. శాతపు గుర్తు వెనుక వ్రాసిన మాటలను అచ్చట ఎవరైనను చదువవచ్చును.

1970 వరకు కర్నూలు జిల్లాలో నుండిన మార్కాపురము పలకలకు ప్రసిద్ధి. పలకపై తుడిచిన లెక్క తిరిగి రాదు. కంప్యూటరులో కనబడనిదంతయు లేనిది కాదు. ఒక్క విద్యార్థికి ముందుగా సమాధానము చిక్కినను, రాత్రులు మేల్కొని చదివిన తక్కినవారందరికి అన్యాయము జరుగును. కావున ప్రశ్నపత్రములకు తెల్లరంగు పద్ధతిని విడనాడవలెననియు, మూలమును అధ్యాపకుని యొద్దనే యుంచవలెననియు, పి.డి.ఎఫ్.ను పంపుటకు ముందు పుటనంతయు ఎంచుకొని, కాపీ చేసి, పరీక్షింపవలెననియు కళాశాల కమిటీవారికి మనవి చేయుచున్నాము.